మోటారు ఆనింగా, చేత్తో లాగేదా? నా ఓటు రెండోదానికే

కొత్త ట్రావెల్ ట్రైలర్ (కారు వెనక లాక్కెళ్ళే చక్రాల ఇల్లు) తీసుకుంటున్నాం, దాని పక్క గోడ నుంచి పందిరిలా చాచే బట్ట, అదే ఆనింగ్, బటన్ నొక్కితే తెరుచుకునేది పెట్టించుకోవాలా, చేత్తో లాగేది సరిపోతుందా, ఇంట్లో నాన్నగారికి భుజం నొప్పి కూడా ఉంది అని అడిగారు. చేత్తో లాగేదే తీసుకోండి. నాన్నగారి భుజం సంగతి మర్చిపోలేదు, చివర్లో దానికే వస్తాను.

నేను రెండూ వాడాను. మొదటి ట్రైలర్‌కి ఆరేళ్ళు చేతి ఆనింగ్ ఉండేది. రెండోదానికి నాలుగేళ్ళు మోటారుది. ఇప్పుడున్న మూడోదానికి మళ్ళీ చేతిదే, అదీ అడిగి మరీ పెట్టించుకున్నాను. అమ్మేవాళ్ళు "ఇంకా అది ఎవరు వాడుతున్నారండీ" అన్నారు. నేను వాడుతున్నాను. ఎందుకో చెప్పాలంటే ఒక రాత్రి గురించి చెప్పాలి.

చెరువు గట్టున, కరెంటు కనెక్షన్ లేని చోట దిగాం. నేను, మా ఆవిడ, మా బావమరిది. మూడు రోజులుగా లైట్లు, నీళ్ళ పంపు, రాత్రిపూట హీటర్ ఫ్యాను అన్నీ ట్రైలర్ బ్యాటరీ మీదే నడుస్తున్నాయి. వీటిలో హీటర్ ఫ్యాను తిన్నంత కరెంటు ఇంకేదీ తినదు. మూడో రోజు సాయంత్రం ఆకాశం నిర్మలంగా ఉంది, ఆకు కదలడం లేదు. ఆనింగ్ తెరిచే ఉంచి పడుకున్నాం.

రాత్రి రెండున్నర ప్రాంతంలో చప్పుడుకి మెలకువ వచ్చింది. బట్ట పైకి లేచి ధబ్బుమని కిందికి పడే చప్పుడు. ఆనింగ్ ఉన్నవాళ్ళెవరైనా ఆ చప్పుడు నిద్రలో కూడా గుర్తుపడతారు. వాన ఎప్పుడు మొదలైందో ఏమో, అప్పటికే గట్టిగా పడుతోంది. తలుపు పక్కనే స్విచ్. నొక్కాను. మోటారు ఒక్కసారి మూలిగింది, బట్ట చుట్టుకునే గొట్టం ఓ అంగుళం తిరిగింది, లోపల లైటు మసకబారింది, అంతే. మళ్ళీ నొక్కితే టిక్ మన్న శబ్దం తప్ప ఏమీ లేదు. ప్యానెల్ మీద చూస్తే 11.4 వోల్టులు. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 దాకా చూపిస్తుంది, 12కి దిగిందంటేనే దాదాపు అడుగంటినట్టు. 11.4 దగ్గర చిన్న లైటు వెలుగుతుందేమో గానీ, నీళ్ళు నిండిన బట్టని మోటారు చుట్టగలదా!

మా బావమరిది అప్పటికే బయటికి దూకాడు. "బావా, మధ్యలో నీళ్ళు పట్టేశాయి, కర్ర తీసుకురా" అని అరుస్తున్నాడు. వెళ్ళి చూస్తే ఆనింగ్ నడిమధ్యలో బట్ట తోలుతిత్తిలా కిందికి వేలాడుతోంది. తల పెడితే తగిలేంత కిందికి దిగింది. మీటరు పొడవు, మీటరు వెడల్పున 5 సెంటీమీటర్ల లోతు నీళ్ళు నిలిచినా 50 లీటర్లు, అంటే 50 కిలోలు. మా తిత్తి అంతకంటే పెద్దదే. చీపురు కర్ర తిరగేసి కింద నుంచి ఎత్తితే నీళ్ళు అవతలి పక్కకి జారుతున్నాయి, అటు ఎత్తితే ఇటు. ఈలోగా గాలి కింద నుంచి దూరి మొత్తాన్ని ఒక్కసారి లేపింది, నీళ్ళన్నీ మా మీద పడ్డాయి, బట్ట మళ్ళీ కిందికి వచ్చి, దాన్ని చాపి పట్టుకునే రెండు ఆర్మ్‌లు గిజగిజలాడాయి.

సరిగ్గా అప్పుడే పక్క ట్రైలర్ తలుపు తెరుచుకుంది. అందులో ఒక పెద్దాయన, డెబ్బై దాటి ఉంటాయి, ఒక్కరే ఉండేవారు. ఆయనది చేతి ఆనింగ్. తలకి టార్చ్ కట్టుకుని వచ్చారు. ముందు నేలకి దిగ్గొట్టిన తాళ్ళు విప్పారు. ఆనింగ్‌ని నిలబెట్టే రెండు కాళ్ళూ ఒకదాని తర్వాత ఒకటి కిందికి దించారు. అడ్డ కమ్ముల మరలు వదులు చేసి వాటిని జార్చారు. కొక్కెం కర్రతో గొట్టం చివరున్న మీటని ఇటు నుంచి అటు తిప్పారు, అదే కొక్కెంతో బట్ట మధ్యలో ఉన్న పట్టీని అందుకున్నారు. తొందరపడలేదు. పట్టీని బిగబట్టి, ఒక్కో అడుగు ముందుకి వేస్తూ ట్రైలర్ వైపు నడిచారు, బట్ట ఆయన వెనకాలే దూడలా వచ్చి చుట్టుకుపోయింది. రెండు మరలు బిగించారు. మొత్తం రెండు నిమిషాలు. తర్వాత ఆ తడి చేతులతోనే మా దగ్గరికి వచ్చి, ఊగుతున్న ఆర్మ్‌ని కింద నుంచి పట్టుకుని "కారు తిప్పుకురండి, నేను పట్టుకుంటాను" అన్నారు.

కారు తిప్పి, ట్రైలర్ ముందు భాగానికి తెచ్చి, చీకట్లో జంపర్ కేబుళ్ళతో కారు బ్యాటరీని ట్రైలర్ బ్యాటరీకి కలిపేసరికి పావుగంట పట్టింది. ఆ పావుగంటలోనే ఇంకో విసురు వచ్చింది. వెనక వైపు ఆర్మ్ మోచేయి దగ్గర మెలితిరిగింది. నా కళ్ళ ముందే, రేకుని మెలిపెట్టినట్టు. పెద్దాయన పట్టుకున్నది ముందు వైపు ఆర్మ్ కాబట్టి ఆయనకేమీ కాలేదు. వెనక వైపు నిలబడి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకుంటే గుండె జారుతుంది. తర్వాత మోటారు తిరిగింది గానీ, ఒక వైపు లావుగా, ఒక వైపు సన్నగా, బట్ట వంకరగా చుట్టుకుంది. పూర్తిగా మూసుకోలేదు. తెల్లారాక తాళ్ళతో ట్రైలర్‌కి బిగగట్టి, దారి పొడవునా అద్దంలో దాన్నే చూసుకుంటూ నెమ్మదిగా ఇంటికి వచ్చాం.

అన్నిటికంటే కడుపు మండిన విషయం ఆ తర్వాత తెలిసింది. ఆ మోటారు గొట్టానికి ఒక చివర చిన్న మూత ఉంటుంది. అది తీసి డ్రిల్లు పెట్టి తిప్పితే బ్యాటరీతో పనిలేకుండా ఆనింగ్ మూసుకుంటుంది. చాలా మోడళ్ళలో ఇలాంటి ఏర్పాటు ఏదో ఒకటి ఉంటుంది. డ్రిల్లు ఆ రాత్రంతా నా టూల్ బాక్సులోనే ఉంది, చార్జింగుతో సహా. ట్రైలర్ అప్పగించిన రోజు గంటన్నర సేపు టీవీ ఎలా పెట్టాలో, స్పీకర్లు ఫోనుకి ఎలా కలపాలో చూపించారు. ఈ మూత మాట ఒక్కరు చెప్పలేదు. ఆనింగ్ చూపించింది కూడా గాలి సోకని ఆవరణలో, ట్రైలర్‌ని గోడ ప్లగ్గుకి పెట్టి, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు. అలా చూపిస్తే ఏ ఆనింగ్ అయినా బాగానే నడుస్తుంది!

ఇక అసలు తేడా. అందరూ బటన్ గురించే మాట్లాడతారు, నేను కాళ్ళ గురించి మాట్లాడతాను. చేతి ఆనింగ్ కాళ్ళని ట్రైలర్ గోడ నుంచి విప్పి నేల మీద నిలబెట్టొచ్చు, మేకులు దిగ్గొట్టి తాళ్ళు బిగించొచ్చు. పందిరికి గుంజ పాతినట్టు. మోటారు ఆనింగుల్లో చాలావాటికి కాళ్ళే ఉండవు. ఆర్మ్‌లు గోడ నుంచే ముందుకి చాపుకుని ఉంటాయి, బరువంతా, కుదుపంతా ఆ గోడ మరల మీదే. గాలి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగింతలవుతుంది. 5 మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల వెడల్పు బట్టకి నేరుగా తగిలితే, గంటకి 20 కిలోమీటర్ల గాలి 20 కిలోల పైచిలుకు తోస్తుంది. 40 కిలోమీటర్లకి దాదాపు 95 కిలోలు. అంటే ఒక నిండు మనిషి ఆ చాపిన చేతుల చివర వేలాడుతూ గెంతుతున్నట్టు. నేలకి కట్టిన ఆనింగ్ కూడా పెద్ద గాలికి ఆగదు, ఒప్పుకుంటాను. కానీ మీరు లేచి, చెప్పులు వేసుకుని, బయటికి వచ్చేంత వ్యవధి ఇస్తుంది.

"మాదాంట్లో గాలి సెన్సర్ ఉంది, దానంతటదే మూసుకుంటుంది" అనేవాళ్ళు ఉన్నారు. చాలా సెన్సర్లు ఆనింగ్ ఊగడాన్నే పసిగడతాయి, అంటే ఊగడం మొదలయ్యాకే పనిలోకి దిగుతాయి. దిగినా మూసేది మళ్ళీ ఆ మోటారే, ఆ బ్యాటరీతోనే. బ్యాటరీ చచ్చిన రాత్రి సెన్సర్ ఏం చేస్తుంది? నీళ్ళ బరువుకి ఒక పక్క దానంతటదే వంగి ఒలకబోసే ఆర్మ్‌లు కూడా వస్తున్నాయి, అది మంచి ఏర్పాటే, కాదనను. చాలా ఆనింగులకి ఒక మూల కాస్త కిందికి దించి పెట్టుకుంటే చేత్తోనే ఆ పని అయిపోతుంది. ఇది మాత్రం ఈ రోజు నుంచే అలవాటు చేసుకోండి.

చేతిదానిలో ప్రమాదం లేదని నేను అనడం లేదు. గొట్టం లోపల గట్టి స్ప్రింగులు ఉంటాయి, బట్ట బయటికి లాగేకొద్దీ అవి బిగుసుకుంటాయి. మూసేటప్పుడు పట్టీ చేతిలోంచి జారితే గొట్టం రివ్వున వెళ్ళి ట్రైలర్‌ని గుద్దుతుంది. అంతకంటే ముఖ్యం, ఆ గొట్టం చివరి మూతలు సొంతంగా విప్పకండి. స్ప్రింగుకి పిన్ను పెట్టి బంధించకుండా విప్పితే అది తిరిగే వేగానికి వేళ్ళు, మణికట్లు విరుగుతాయి. బట్ట మార్చాలంటే తెలిసినవాళ్ళని పిలవండి. రోజూ తెరిచి మూయడానికి మాత్రం ఆ స్ప్రింగు మీకు చుట్టమే, సగం పని అదే చేస్తుంది.

ఇంకో మాట, ఎవరూ అడగలేదు కానీ చెప్పాలి. తడి బట్టని చుట్టి అలాగే వారాల తరబడి వదిలేసేవాళ్ళ మీద నాకు చెప్పలేనంత కోపం. వానలో మూయక తప్పదు, సరే. ఇంటికి రాగానే మర్నాడైనా తెరిచి ఆరబెట్టాలి. ముఖ్యంగా ప్లాస్టిక్ లాంటి వినైల్ బట్టకి గాలి ఆడదు, పొరల మధ్య తడి అలాగే ఉండి నల్లటి బూజు చుక్కలు లేస్తాయి, ఒకసారి లేస్తే రుద్దినా పూర్తిగా పోవు. నేసిన యాక్రిలిక్ బట్ట కాస్త త్వరగా ఆరుతుంది గానీ, దాని మీద నీళ్ళు నిలిస్తే ఊరి కారుతుంది. బటన్ ఆనింగ్ ఉన్నవాళ్ళే ఈ తప్పు ఎక్కువ చేస్తారు. నొక్కేసి వెళ్ళిపోతారు, బట్టని చేత్తో ముట్టుకోరు, అది తడిగా ఉందో లేదో ఎలా తెలుస్తుంది? చేత్తో చుట్టేవాడికి ప్రతిసారీ బట్ట కళ్ళ ముందు నుంచే పోతుంది. కుట్టు ఎక్కడ వదిలిందో, ఎండకి పై అంచు ఎక్కడ చిట్లిందో చిన్నగా ఉన్నప్పుడే కనిపిస్తుంది.

 

ఇప్పుడు నాన్నగారి భుజం. మూసే పని మీలో ఇంకెవరైనా చేయగలిగితే చేతిదే తీసుకోండి, ఒక మధ్యాహ్నం నాలుగుసార్లు తెరిచి మూస్తే వచ్చేస్తుంది. ఆయన ఒక్కరే ట్రైలర్ తీసుకుని వెళ్ళే అలవాటుంటే మాత్రం మోటారుదే పెట్టించండి. భుజం పైకి లేవనివాళ్ళు ఆ పట్టీని బిగబట్టలేరు, నేను మొండిగా వాదించను. అయితే సంతకం పెట్టే ముందు ఒక పని చేయించండి. ఆనింగ్ పూర్తిగా తెరిపించి, గోడ ప్లగ్గు తీయించి, ట్రైలర్ బ్యాటరీ వైరు కూడా విప్పించి, "ఇప్పుడు మూసి చూపించండి" అని అడగండి. ఏ మూత తీయాలో, ఎటు తిప్పాలో మీ ఫోనులో వీడియో తీసుకోండి. డ్రిల్లుకి ఏ సైజు బిట్ పడుతుందో అడిగి, అలాంటిదొకటి కొని, స్విచ్ పక్కనే టేపుతో అతికించండి. నాన్నగారి చేతికి అందే ఎత్తులో.