నాలుగొందల కనెక్షన్‌కు మీరే ఎదురు కడుతున్నారు

ప్రశ్న: మాది గుంటూరు. ముందు కేబుల్ టీవీ నడిపేవాణ్ని, తర్వాత ఇంటర్నెట్‌లోకి వచ్చాను. చిన్న ఏరియాకు ఇంటర్నెట్ ఇచ్చే కేటగిరీ-సి లైసెన్సు ఉంది. బ్రాడీపేట, అరండల్‌పేట, కొత్తపేట, మిర్చి యార్డు వైపు కలిపి 1,140 కనెక్షన్లు. అందులో 760 ఇళ్లు పాత 400 రూపాయల ప్లాన్‌లో, 260 ఇళ్లు 600 ప్లాన్‌లో ఉన్నాయి. రెండూ జీఎస్టీతో కలిపే. మిగతా 120 షాపులు, ఆసుపత్రులు, కమీషన్ కొట్లు. వీళ్లు పన్ను కాక సగటున వెయ్యి కడతారు. నెలాఖరుకు, పైనుంచి టోకున కొనే నెట్ కెపాసిటీకి, అంటే బ్యాండ్‌విడ్త్‌కు బిల్లు కట్టలేక ఏడాదిలో మా ఆవిడ బంగారం మీద 6 లక్షలు తెచ్చాను. 400 ప్లాన్ పెంచుదామంటే మా కుర్రాళ్లు "జియో వాళ్లు కాచుక్కూర్చున్నారు, ఒక్కడూ మిగలడు" అంటున్నారు. మా బావమరిదేమో ఇళ్లన్నీ వదిలించుకుని షాపులే ఉంచుకోమంటాడు. ఏటుకూరు రోడ్డులో 2016లో కొన్న 150 గజాల స్థలం ఉంది. అది అమ్మి వ్యాపారంలో పెట్టనా? జులైలో అమ్మాయి బీటెక్ ఫీజు కట్టాలి. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: స్థలం జోలికి ఇప్పుడు వెళ్లకండి. ముందు రేటు పెంచండి. ఈ వరస తప్పితే స్థలం డబ్బు కూడా బంగారం డబ్బు పోయిన దారినే పోతుంది.

మీరు లెక్క వివరంగా పంపారు కాబట్టి పని తేలికైంది. బ్యాండ్‌విడ్త్‌కు 1,95,000. జీతాలు 1,02,000. స్తంభాల అద్దె, కరెంటు, ఆఫీసు అద్దె కలిపి 58,000. వైరు, బాక్సులు, రిపేర్లు 52,000. లైసెన్సు ఫీజు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, ఆడిటర్ 55,000. పెట్రోలు 18,000. ఆఫీసు నుంచి ఫైబర్ లైన్లన్నిటికీ నెట్ పంపే ఓఎల్‌టీ మెషీన్ కోసం తెచ్చిన అప్పు కిస్తీ 46,000. మొత్తం 5,26,000. రాబడి దగ్గర మాత్రం మీరు ఒక పొరపాటు చేశారు. 400ను 400గానే వేసుకున్నారు. అందులో 18 శాతం జీఎస్టీ ప్రభుత్వానిది. 400లో మీకు మిగిలేది 339, 600లో 508. అలా కడితే నెల రాబడి సుమారు 5,10,000. అంటే మీరు రూపాయి ఇంటికి తీసుకెళ్లకముందే 16,000 లోటు. ఇంటి ఖర్చుకు తీసుకునే 40,000 కలిపితే 56,000. బంగారం మీద తెచ్చిన 6 లక్షలను దాంతో భాగించి చూడండి, పదకొండు నెలలు కూడా నిండవు. మీ ఉత్తరంలో "ఈ ఏడాది ఎందుకో టైట్‌గా ఉంది" అని రాశారు. ఎందుకో ఇదీ.

ఇంటికి తీసుకెళ్లే ఆ 40,000ను లాభంలో వాటా అనుకోకండి. అది మీ జీతం, ఖర్చుల పద్దులోనే రాయాలి. రేపు మీరు మంచం పడితే ఆ పని చెయ్యడానికి ఇంకొకరిని పెట్టుకుని అంతకన్నా ఎక్కువే ఇవ్వాలి.

ఇప్పుడు మొత్తం 5,66,000 ఖర్చును 1,140 కనెక్షన్లకు పంచితే ఒక్కోదానికి 496 పడుతుంది. 400 కట్టే ఇంటి దగ్గర మీకు వచ్చేది 339. ఒక్కో ఇంటికి 157 తరుగు. 600 ప్లాన్ ఇళ్లు బొటాబొటిగా గట్టెక్కుతున్నాయి. 120 షాపుల మీద మిగిలే 60,000 చిల్లర ఈ ఇళ్ల నష్టంలో సగం పూడుస్తోంది. మిగతా సగం మీ ఆవిడ గాజులు పూడ్చాయి.

నిజానికి పంపకం ఇంకా అన్యాయంగా ఉంది. బ్యాండ్‌విడ్త్ మీరు కొనేది రోజు మొత్తం వాడకాన్ని చూసి కాదు, ఎక్కువ రద్దీ ఉన్న గంటను చూసి. ఆ గంట రాత్రి 8కీ 11కీ మధ్య వస్తుంది. అప్పటికి యార్డు కొట్లు తాళాలు వేసుంటాయి. బ్రాడీపేట అపార్ట్‌మెంట్లలో మాత్రం హాల్లో టీవీ, గదుల్లో రెండు ఫోన్లు, పిల్లాడి ల్యాప్‌టాప్ ఒకేసారి నడుస్తుంటాయి. 1,95,000 బిల్లు దాదాపు వాళ్ల కోసమే.

ఇది చూసి మీ బావమరిది మాట నిజమేనని తొందరపడకండి. ఇళ్లు వదిలేస్తే ఏం ఆదా అవుతుంది? ఆఫీసు అద్దె తగ్గదు, కిస్తీ తగ్గదు, స్తంభాల అద్దె తగ్గదు, జీతాలు కొంతే తగ్గుతాయి. 400 ప్లాన్ ఇల్లు ఒకటి పోతే మీకు తప్పే ఖర్చు బ్యాండ్‌విడ్త్‌లో 170, లైసెన్సు ఫీజూ రిపేర్లూ కలిపి ఇంకో 50. మొత్తం 220. ఆ ఇల్లు ఇస్తున్నది 339. అంటే తిట్టుకుంటూ భరిస్తున్న ఆ ఇల్లు కూడా మీ అద్దెకూ కిస్తీకీ 119 జమ చేస్తోంది. అలాంటి 760 ఇళ్లను ఒక్కసారి వదిలేస్తే 90,000 జమ పోతుంది. షాపులతోనే బతకొచ్చన్న లెక్క అక్కడే బోల్తా పడుతుంది. ఇళ్లు ఉండాలి, రేటు మారాలి.

ఎంతకు మార్చాలి? నా లెక్క ప్రకారం పాత 400 ప్లాన్‌ను 449 ప్లస్ జీఎస్టీకి తీసుకెళ్లండి. కస్టమర్ కట్టేది 530. మీకు ఒక్కో ఇంటి దగ్గర 110 పెరుగుతుంది, అందులో 9 రూపాయలు 8 శాతం లైసెన్సు ఫీజుకు పోయినా 101 మిగులుతుంది. 400 నుంచి 530 అంటే పెద్ద అంగే, కాదనను. కానీ 450కి తీసుకెళ్తే మీకు మిగిలేది ఇంటికి నలభై. 760 ఇళ్లకూ కలిపి 30,000 దాటదు. తిట్లు మాత్రం అన్నే తినాలి.

మీ కుర్రాళ్ల భయం గురించి. "అందరూ పోతారు" అనే మాటను ఒక అంకెగా మార్చుకుంటే భయం సగం తగ్గుతుంది. బ్యాండ్‌విడ్త్ ఒప్పందం వెంటనే తగ్గదు కాబట్టి, వెళ్లిపోయిన ఇంటి మీద ఆదా 50 మాత్రమే అనుకుందాం. ఆ లెక్కన 50 ఇళ్లు పోయినా 56,000 లోటు పూర్తిగా పూడుతుంది. 150 ఇళ్లు పోయినా నెలకు ఇవాళ్టి కన్నా 18,000 మెరుగ్గా ఉంటారు. ఆ తర్వాత బ్యాండ్‌విడ్త్ ఆ మేరకు తగ్గించుకుంటే అది 44,000 వరకు వెళుతుంది. ఇవాళ్టి కన్నా అధ్వాన్నం కావాలంటే దాదాపు 200 ఇళ్లు పోవాలి. బ్యాండ్‌విడ్త్ తగ్గించుకోగలిగితే 350 దగ్గర. నాలుగిళ్లలో ఒకటి కన్నా ఎక్కువ, ఒక్క నెలలో, నూట ముప్పై రూపాయల కోసం వైరు పీకించుకుంటుందా? మీ వీధులు నాకన్నా మీకే బాగా తెలుసు.

వెళ్లేవాళ్లు ఎక్కడికి వెళతారో కూడా చూద్దాం. జియో 399 ప్లాన్ 2020లో వచ్చింది, 30 ఎంబీపీఎస్. జీఎస్టీతో 471. మీరు ఇచ్చేది 50 ఎంబీపీఎస్. మన జనంలో "నెట్ అంటే చవగ్గా రావాలి" అనే మాట నాటుకోవడానికి వేరే కారణం కూడా ఉంది. 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్‌ను అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించినప్పుడు నెలకు 149కే నెట్, టీవీ, ఫోన్ అన్నారు. ప్రభుత్వం వెనక ఉన్న ప్రాజెక్టు రేటుతో మీరు పోటీ పడలేరు, పడకూడదు కూడా. పెద్ద కంపెనీలు ఎప్పటికీ పెంచవనుకోవడం కూడా భ్రమే. 2024 జులై మొదట్లో జియో, ఎయిర్‌టెల్, వీఐ మూడూ మొబైల్ రేట్లు పెంచాయి. కొందరు బీఎస్ఎన్ఎల్‌కు మారారు, ఎక్కువమంది తిట్టుకుంటూ రీఛార్జ్ చేసుకున్నారు.

530 నిజంగానే బరువయ్యే ఇళ్లు ఉంటాయి. పెన్షన్ మీద బతికే పెద్దవాళ్లు, వాట్సాప్, యూట్యూబ్ తప్ప ఎరగనివాళ్లు. వాళ్ల కోసం 399 ప్లస్ జీఎస్టీతో 30 ఎంబీపీఎస్ ప్లాన్ ఒకటి పెట్టండి. అడిగినవాళ్లకు మాత్రమే ఇవ్వండి, పాంప్లెట్ మీద పెద్ద అక్షరాలతో వెయ్యకండి. 760లో సగం మంది అందులోకి మారినా మీకు నెలకు 59,000 అదనంగా వస్తుంది, అంటే లోటు అప్పటికీ పూడుతుంది. 600 వాళ్లను ఈ విడత కదపొద్దు. తేడా 200 నుంచి 70కి తగ్గేసరికి 530 కట్టే ఇళ్లలో కొన్ని వాటంతటవే 600కి ఎక్కుతాయి.

ఇక పద్ధతి. కొత్త కనెక్షన్లకు రేపటి నుంచే కొత్త రేటు. పాతవాళ్లకు నెల ముందు చెప్పాలి, మెసేజ్ ఒక్కటే పెట్టి ఊరుకుంటే సరిపోదు, కలెక్షన్‌కు వెళ్లే కుర్రాడు చేతికి కాగితం ఇచ్చి నోటితో చెప్పాలి. ఆరు నెలలకో ఏడాదికో ముందే కట్టినవాళ్లకు ఆ గడువు అయ్యేదాకా పాత రేటే. బిల్లులో ప్లాన్ రేటు వేరు, జీఎస్టీ వేరు వెయ్యండి. ఇంటర్నెట్ రేటు ఇంతే ఉండాలని టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిర్ణయించదు, అది మీ చేతిలోనే ఉంది. కొత్త టారిఫ్ వివరాలు ట్రాయ్‌కు పంపే పని మాత్రం మీ లైసెన్సు వ్యవహారాలు చూసే మనిషికి అప్పగించండి. ఒకేసారి ఊరంతా పెంచకండి. మీ సర్వీసుకు మంచి పేరున్న రెండు మూడు లైన్లలో మొదలుపెట్టి, ఎంతమంది ఆపేశారో నోట్‌బుక్‌లో రాసుకుని, తర్వాతి నెల మిగతావి.

రేటు పెంచకుండా రాత్రిపూట స్పీడు నొక్కేసే ఆలోచన ఎవరైనా చెబితే వినొద్దు. 50 అని చెప్పి 20 ఇస్తే పదో తరగతి పిల్లాడు కూడా ఫోన్‌లో స్పీడ్ టెస్ట్ చేసి స్క్రీన్‌షాట్ పెడతాడు.

చిన్న ప్రొవైడర్‌కు ఉన్న ఒకే ఒక్క ఆస్తి సర్వీసు. "నెట్ రావట్లేదు, బాక్సులో ఎర్ర లైటు వెలుగుతోంది" అని ఫోన్ వస్తే, ఎక్కడో కరెంటు వాళ్లు కొమ్మలు కొట్టినప్పుడు వైరు తెగిందని మీ కుర్రాడికి ఫోన్‌లోనే అర్థమవుతుంది. తెగిన ఫైబర్‌ను అతికే స్ప్లైసింగ్ మెషీన్ తీసుకుని బండి మీద గంటలో వస్తాడు. పెద్ద కంపెనీ అయితే కంప్లయింట్ నంబరు ఇచ్చి ఊరుకుంటుంది. 530 అడిగే హక్కు మీకు ఇచ్చేది ఆ గంట. కాబట్టి ఖర్చు తగ్గించాలని ఫీల్డ్ కుర్రాళ్లలో ఒకరిని తీసేద్దామన్న మీ ఆలోచన మానుకోండి.

షాపుల రేటు ఈ ఏడాది ముట్టుకోకండి. మీ ఇల్లు నిలబడింది వాళ్ల మీదే. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారులకు వాళ్ల నంబరుతో బిల్లు ఇవ్వండి, అర్హత ఉంటే ఆ పన్ను వాళ్లకు క్రెడిట్‌గా, అంటే వాళ్లు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గింపుగా వస్తుంది. కొత్తపేట ఆసుపత్రులకు ఇది పనికిరాదు, వైద్య సేవలపై జీఎస్టీ లేదు కాబట్టి క్రెడిట్ కూడా ఉండదు. వాళ్లకు కావలసింది లైను తెగకపోవడం. రెండో దారిలో బ్యాకప్ లైను వేసి, దానికి విడిగా డబ్బు అడగండి, ఇస్తారు.

మీరు రాయలేదు గానీ, కేబుల్ రోజుల నుంచి వస్తున్న ఫ్రీ కనెక్షన్లు ఉండే ఉంటాయి. వార్డు పెద్దమనుషులు, చుట్టాలు, స్తంభం ఎక్కనిచ్చే మేడ యజమాని. ఆఖరి ఆయన్ని ఉంచండి.

చేతిలో డబ్బు ఆడడానికి "ఆరు నెలలకు కట్టండి, ఒక నెల ఫ్రీ" ఆఫర్ పెట్టాలని ఉందన్నారు. జాగ్రత్త. అడ్వాన్సు చేతికొచ్చినప్పుడే జీఎస్టీ కట్టాలి. మిగిలింది కూడా మీది కాదు, ఇంకా ఇవ్వాల్సిన సేవకు జమ. పెట్టాలనుకుంటే ఆ డబ్బు వేరే ఖాతాలో వేసి నెలకు ఏడో వంతు చొప్పున తీసుకోండి. లేకపోతే ఇది బంగారం అప్పుకు తమ్ముడవుతుంది.

ఇంటి సంగతి. జులై ఫీజును ఇప్పటి నుంచే అమ్మాయి పేరున వేరే ఖాతాలో వెయ్యండి, బ్యాండ్‌విడ్త్ బిల్లు కట్టకముందే. బంగారం అప్పుకు వడ్డీ 9 శాతమనుకున్నా నెలకు 4,500. దాన్ని పేరనివ్వకుండా నెలనెలా కట్టండి, వేలం నోటీసు దాకా రానివ్వొద్దు. అసలు తీర్చడం లోటు పూడిన తర్వాత.

రేటు మారిన మూడు నెలలకు మళ్లీ లెక్క చూడండి. లోటు ఆగితే, స్థలం అమ్మి బంగారం విడిపించుకోవడం గురించి అప్పుడు ఆలోచించవచ్చు, అది నష్టానికి పోసే డబ్బు కాదు కాబట్టి. 2016లో కొన్నది కనుక దీర్ఘకాలిక మూలధన లాభం కిందికి వస్తుంది. 2024 జులై 23కి ముందు కొన్న స్థలాలకు ఇండెక్సేషన్ (ధరల పెరుగుదల మేరకు కొన్న ఖరీదును పెంచి లెక్కవేయడం) లేకుండా 12.5 శాతం, ఇండెక్సేషన్‌తో 20 శాతం, ఈ రెండిట్లో పన్ను ఏది తక్కువైతే అది కట్టొచ్చు. రెండు లెక్కలూ వేయించాకే బేరం మాట్లాడండి. మూడు నెలలైనా లోటు ఆగకపోతే స్థలం అలాగే ఉంచి, కనెక్షన్లను పక్క ఏరియా ఆపరేటర్‌కు ఎంతకు అప్పగించవచ్చో కనుక్కోండి.