రిపోర్టు రాసే ముందు ఒకసారి ఆటోనగర్ రా

అమ్మలూ,

చదువైపోయాక కూడా మనిషి పని నేర్చుకుంటూ ఉండటానికి మన ఐటీఐలు ఏమాత్రం అక్కరకొస్తున్నాయో చూసి రాయమన్నారని, గుంటూరు, విజయవాడ తిరుగుతున్నానని, ఏం అడగాలి బాబాయ్ అని ఫోన్ చేశావు కదా. నోటితో చెబితే మర్చిపోతావని రాస్తున్నా.

ప్రిన్సిపాల్ గదిలో కూర్చోగానే ప్లేస్‌మెంట్ల లెక్క చేతిలో పెడతారు. తీసుకో, కానీ అక్కడే ఆగిపోకు. పంతొమ్మిదేళ్ల కుర్రాడికి మొదటి ఉద్యోగం దొరకడం వేరు. పదిహేనేళ్ల కిందట అక్కడ పాసైనవాడు ఇవాళ మళ్లీ ఆ గేటు లోపలికొస్తే ఏం నేర్పుతారో అడుగు.

నా సంగతే చూడు. డీజిల్ మెకానిక్ ట్రేడ్ చేసి ముప్పయ్యేళ్లు షెడ్డు నడిపా, చప్పుడు వింటే ఇంజిన్ జబ్బు చెప్పేవాణ్ణి. 2020 ఏప్రిల్‌లో బళ్ల పొగకి సర్కారు పెట్టే నిబంధనల్లో బీఎస్-4 నుంచి, మధ్యలో 5 అన్నది లేకుండా, ఏకంగా బీఎస్-6కి దూకారు. ఆ తర్వాత అలాంటి లారీ ఒకటి వచ్చింది, లోడుతో లాగట్లేదు. ఫిల్టర్లు మార్చా, టర్బో విప్పా, రెండు రోజులు పోయాయి. పక్క షెడ్డు కుర్రాడు ఇంజిన్ కంప్యూటర్‌ని చదివే స్కానర్ తగిలించి పది నిమిషాల్లో తేల్చాడు: డ్రైవరు యూరియా ట్యాంకులో ఆడ్‌బ్లూ (పొగని శుభ్రం చేసే యూరియా ద్రావణం) బదులు కుళాయి నీళ్లు పోశాడు, పొగ శుభ్రం కావట్లేదని ఇంజినే పవర్ తగ్గించేసుకుంది. ఓనరు ముందు తల ఎత్తలేకపోయాననుకో. సరే నేర్చుకుందామని ఒక ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్తే, వయసు అడిగి, ఒరిజినల్స్ అడిగి, క్లాసులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా అన్నారు. మరి షెడ్డు ఎవరు తెరుస్తారు?

అందుకే ముందు టైమింగ్స్ అడుగు, సాయంత్రం బ్యాచ్ ఉందా, ఆదివారం ఉందా అని. తర్వాత వర్క్‌షాప్‌లోకి నడిచి ఇంజిన్ల మీద వేలు పెట్టి చూడు, దుమ్ము అంటిందా, గ్రీజు అంటిందా. దుమ్మైతే నీకు సగం జవాబు దొరికినట్టే. పాఠం చెప్పే మాస్టారు ఆఖరిసారి ఎప్పుడు బయట షెడ్డులో పనిచేశారో కూడా అడుగు, కాస్త మర్యాదగా, వాళ్లకీ ట్రైనింగ్‌కి పంపేవాళ్లు ఉండాలిగా పాపం.

కాగితం మీద దారులు లేవని కాదు. రెండేళ్ల ట్రేడ్ చేసినవాడు బ్రిడ్జి కోర్సు రాసి డిప్లొమా రెండో ఏడాదిలోకి, అక్కణ్ణుంచి ఈసెట్ ప్రవేశ పరీక్షతో బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్లొచ్చు. చదువు లేకుండా చేత్తోనే పని నేర్చినవాడికి, వచ్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్పీఎల్ అనేదొకటి ఉంది, 2015లో మొదలైన కేంద్రం వాళ్ల నైపుణ్య శిక్షణ పథకం కౌశల్ వికాస్ యోజనలో అదీ ఒక భాగం. నువ్వు చూడాల్సింది, ఆ సర్టిఫికెట్ చూసి ఎవరైనా పది రూపాయలు కూలి పెంచారా అని. ఆ మాట ఆఫీసులో చెప్పరు, పని చేసేవాళ్లే చెప్పాలి.

కాబట్టి మధ్యాహ్నం ఒంటిగంటకి ఆటోనగర్ రా, అందరూ క్యారేజీలు విప్పే వేళ, అప్పుడైతే మనసు విప్పి మాట్లాడతారు. నలభై దాటినవాళ్లనే ఎంచుకుని అడుగు, నేను పక్కనే ఉంటా. తెల్ల డ్రెస్ మాత్రం వేసుకురాకు.

మీ బాబాయ్