మ్యానిఫోల్డ్ ఎంపిక ఎవరిది? కేసు దాని మీదే నిలుస్తుంది

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా నార్పల దగ్గర పల్లె. నాన్న వాడిన పాత మహీంద్రా ఎం.ఎం.540 జీపుకు కిందటేడు ఉగాదికి అనంతపురంలో ఒక షెడ్డులో బొలెరో టర్బో ఇంజిన్ బిగించారు. ఇంజిన్ నేనే పాత సామాను అంగట్లో కొని తెచ్చిచ్చాను. ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ (ఇంజిన్ పొగను పోగుచేసి బయటికి పంపే భాగం) మాత్రం మెకానిక్ పైపులు వెల్డింగ్ చేసి తయారు చేశాడు. దానికీ బిగింపు కూలికీ కలిపి 68,000 రూపాయలు తీసుకున్నాడు, బిల్లు ఇవ్వలేదు. దీపావళికి అది పగిలింది. రెండుసార్లు వెల్డింగ్ చేయించినా మళ్లీ అక్కడే చీలింది. పొగ లోపలికి వచ్చి మా పాపకు తలనొప్పి, వాంతులు. నాన్న జ్ఞాపకం అలా మూలన పడి ఉంటే నాకు నిద్ర పట్టడం లేదు. అడిగితే 'వంకల్లో దింపితే పగలదా' అంటున్నాడు. 'కొండ దారిలో చీనీ తోటకు పోవాల, వంక దాటాల, ఏది వేయాలో నువ్వే చూడన్నా' అని నేను వాట్సాప్‌లో పెడితే, 'కంపెనీది స్టీరింగ్‌కు తగుల్తుంది, పైపులది చేస్తా, నాది గ్యారంటీ' అని అప్పట్లో వాయిస్ మెసేజ్ పెట్టినోడే ఆయన. ఇంజిన్ మార్పు ఆర్సీలో రాయించలేదు. పాత నంబరు కొత్త ఇంజిన్ మీద కొట్టిస్తే సరిపోతుందని స్నేహితుడు అంటున్నాడు. ఖర్చంతా, మనోవేదనకు 5 లక్షలు వస్తాయా?

జవాబు: మీ కేసు మొత్తం ఆ వాయిస్ మెసేజ్‌లో ఉంది. మీరేమో దాన్ని కోపంలో మాట వరసకు రాశారు.

1930 నాటి సరుకుల విక్రయ చట్టం సెక్షన్ 16 చెప్పేది ఇదే. వస్తువు దేనికి కావాలో కొనేవాడు ముందే చెప్పి, ఎంపికను అమ్మేవాడి నైపుణ్యానికి వదిలితే, ఆ వస్తువు ఆ పనికి పనికొచ్చేదిగా ఉండాలి. మీరు కొండ దారి అన్నారు, వంక అన్నారు, నువ్వే చూడమన్నారు. ఆయన ఎంచాడు, గ్యారంటీ కూడా ఇచ్చాడు. అదే మీరు యూట్యూబ్‌లో చూసి 'నాకు పైపులదే కావాలి' అని పట్టుబట్టి ఉంటే, నేను ఈ కేసు వేయొద్దనే చెప్పేవాణ్ణి.

పైపుల మ్యానిఫోల్డ్ అంటేనే తప్పు అని కాదు. వేరే బండి ఇంజిన్ దించినప్పుడు స్టీరింగ్ రాడ్, ఛాసిస్, స్టార్టర్ మోటారు అడ్డొస్తాయి. అందుకే చాలామంది కంపెనీ పోత ఇనుము మ్యానిఫోల్డ్‌ను పక్కనబెట్టి పైపులతో కడతారు. కానీ పోత ఇనుముది మందంగా ఉండి టర్బో (పొగ ఒత్తిడితో తిరిగి ఇంజిన్‌కు ఎక్కువ గాలి నెట్టే పరికరం) బరువును మోస్తుంది. పైపులతో కడితే మందం గోడ ఉన్న పైపు వాడాలి, టర్బో బరువు ఆన్చడానికి విడిగా బ్రాకెట్ పెట్టాలి, వేడికి సాగే చోటు వదలాలి. లోడుతో ఎగువ ఎక్కుతున్నప్పుడు డీజిల్ ఇంజిన్ పొగ వేడి 600, 700 డిగ్రీల దాకా పోతుంది. మీరు పంపిన ఫొటోను పెద్దది చేసి చూశాను. నాలుగు పైపులూ కలిసే మూల దగ్గర, వెల్డింగ్ గీత పక్కనే చీలిక ఉంది. టర్బో కింద బ్రాకెట్ కనబడలేదు. బరువంతా ఆ మూల మీదే వేలాడింది. ఇది నా అంచనా. నిపుణుడు రాసిస్తేనే సాక్ష్యం.

'వంకలో దింపాడు' అన్నది ఆయన లాయరు మొదట ఎత్తే మాట. కాలిన లోహం మీద చన్నీళ్లు పడితే పగలవచ్చు, అది నిజమే. కానీ వంక దాటుతానని ముందే చెప్పాక అది ఆయనకు సాకు కాదు. మీరు ఇన్‌స్టాలో వంక వీడియోలు పెట్టి ఉంటే ఇప్పుడు తీసేయకండి. తీసేస్తే దాచారంటారు.

ఇక గడువు. ఉగాది, దీపావళి అని రాశారు కానీ తేదీ ఒక్కటీ లేదు. అంత డబ్బు ఇచ్చి బిల్లు అడగకపోవడం ఒక తప్పు, తేదీ కూడా రాసిపెట్టుకోకపోవడం రెండో తప్పు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 ప్రకారం గడువు రెండేళ్లు. పగిలిన రోజు నుంచి అని మనం వాదించవచ్చు, అవతలివాళ్లు బిగించిన రోజు నుంచి లెక్కేస్తారు. అందుకే బిగించిన రోజు నుంచి రెండేళ్లు నిండకముందే వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు పడాలి. రిపేరు చేస్తానని తిప్పుకున్నా, మీరు నోటీసు పంపినా గడువు ఆగదు. ఫోన్‌పేలో డబ్బు పంపిన రోజు వెతకండి. మీకు తేదీ అదే, బిల్లూ అదే.

ఆ ఫోన్ మార్చకండి, రీసెట్ చేయకండి. మెసేజ్‌ను ఇంకొకరికి ఫార్వర్డ్ చేసి అసలుది పోగొట్టుకుంటే కష్టం. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద, ఆ మెసేజ్ ఏ ఫోన్‌లోదో ఎలా తీశారో తెలిపే సర్టిఫికెట్ జతచేయాలి. వినియోగదారుల కమిషన్ సివిల్ కోర్టంత బిగువుగా పోదు కానీ, పైకోర్టుకు వెళ్తే ఈ కాగితమే అడుగుతారు.

పగిలిన మ్యానిఫోల్డ్‌ను ఎక్స్ఛేంజ్ ఇస్తానన్నా మెకానిక్ చేతికి ఇవ్వొద్దు. మూడోసారి వెల్డింగ్ వద్దు. ఇప్పటికి రెండుసార్లు వెల్డింగ్ చేయించి చీలిక రూపే మార్చేశారు. లోపం పరీక్షలోనే తేలాలంటే కమిషన్ ఆ ముక్కను సీలు వేసి ల్యాబ్‌కు పంపుతుంది. ముక్కే లేకపోతే పంపడానికి ఏముంది?

నంబరు కొట్టించే మాట మీ స్నేహితుడు మళ్లీ ఎత్తితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి. ఇప్పుడు మీ మీద ఉన్నది మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉల్లంఘన. ముందు అనుమతి తీసుకోలేదు, 14 రోజుల్లో తెలపనూ లేదు. సెక్షన్ 182ఎ కింద దానికి ఒక్కో మార్పుకు 5,000 జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. నంబరు కొట్టారంటే ఫోర్జరీ, మోసం కేసులు దిగుతాయి. ఆ ఇంజిన్ ఏ బండిదో మీరు చూపలేకపోతే దొంగసొత్తు అనుమానం కూడా. పైగా ఆర్సీలో 2,112 సీసీ ఉంటే మీ ఇంజిన్ 2,523 సీసీ. నంబరు కొట్టినా ఇంజిన్ చూసిన ఇన్‌స్పెక్టరుకు తెలిసిపోతుంది.

పాత సామాను అంగడి నుంచి ఇంజిన్ బిల్లు, ఆ బండి కాగితాల నకలు తెచ్చుకోండి. మీరే అనంతపురం రవాణా శాఖ కార్యాలయానికి వెళ్లి దరఖాస్తు పెట్టండి. తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చే మార్పులు చెల్లవని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి, సీసీ తేడా ఉన్న ఇంజిన్‌కు అనుమతి దొరకడం కష్టమే. కాదంటే పాత ఇంజిన్ తిరిగి ఎక్కించాల్సిందే. దాన్ని అమ్మేయలేదు కదా?

5 లక్షలు మరిచిపోండి. ఇంజిన్ మీరే కొన్నారు, ఆ డబ్బు మెకానిక్ దగ్గర రాదు. మ్యానిఫోల్డ్ ఖర్చు, కూలి, వెల్డింగ్ ఖర్చులు, కొంత పరిహారం అడగవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపే కాబట్టి జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు. మీరు ఉండే జిల్లాలోనే వేయవచ్చు. ముందు 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు ఇవ్వండి. చాలా షెడ్లు ఆ దశలోనే రాజీకి వస్తాయి.

పాప గురించి ఒక్క మాట. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది, దానికి వాసన కూడా ఉండదు. వైద్యుడికి చూపించి చీటీ తీసుకోండి, అది కేసులోకీ పనికొస్తుంది. మ్యానిఫోల్డ్‌ను వేరే మెకానిక్‌తో ఫొటోలు తీయిస్తూ విప్పించి, తేదీ రాసి, గోనెసంచిలో కట్టి ఇంట్లో పెట్టండి. కొత్త మ్యానిఫోల్డ్ పడేదాకా జీపు తాళం చెవి పెట్టెలో ఉండనీయండి.