అద్దె లేదు కదా అని కార్ వాష్ ఇంటి వెనకే పెట్టొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఆటోమొబైల్ డిప్లొమా పూర్తి చేసింది. ఉద్యోగం వద్దు, కార్ వాష్ పెడతానంటోంది. ఇంటి వెనక వీధిలో మాకు సొంత ఖాళీ స్థలం ఉంది. తనేమో మెయిన్ రోడ్డు మీద ఒక చోటు చూసి, లీజుకు తీసుకుందామని పట్టుబడుతోంది. ఊరికే వచ్చే స్థలం వదిలి అద్దె ఎందుకు కట్టాలి? ఏది మంచిదో చెప్పగలరు. - ఒక తండ్రి

జవాబు: ముందు మీ సొంత స్థలం సంగతే మాట్లాడుకుందాం, మీ మనసంతా దాని మీదే ఉందని తెలుస్తోంది. అద్దె మిగులుతుంది, నిజమే. కానీ మంచి డాక్టరు కోసమో, మంచి టైలర్ కోసమో జనం సందులు తిరుగుతారు గానీ బండి కడిగించడానికి తిరగరండీ. ఆఫీసు నుంచి వస్తూనో, సరుకులకు వెళ్తూనో ఉంటే దారిలో బోర్డు కనబడుతుంది, బండి మురికిగా ఉందన్న సంగతి అప్పుడు గుర్తొస్తుంది, స్టీరింగ్ తిప్పుతారు. అలా తిప్పడానికి వీలైన చోటేనా అన్నది ముందు చూడాలి. సొంతమా, లీజా అన్నది ఆ తర్వాత.

అలాగని మీ అమ్మాయి చూసిన చోటు బాగుందని కూడా ఇప్పుడే చెప్పలేను. మెయిన్ రోడ్డు అనగానే అందరికీ ఆశ పుడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు దాటిపోతుంది. బోర్డు చదివి, ఆగుదామా వద్దా అనుకుని, అద్దంలో వెనక చూసుకుని, ఇండికేటర్ వేసి తిరగడానికి ఎంత లేదన్నా ఐదు సెకన్లు పడుతుంది, అంటే 80 మీటర్లకు పైగా దూరం నుంచే మీ బోర్డు, గేటు రెండూ కనబడాలి. మధ్యలో ఒక చెట్టు గుబురో, రోజూ అక్కడే ఆగే లారీయో అడ్డమొస్తే ఆ కస్టమర్ పోయినట్టే, కార్ వాష్ కోసం ముందుకెళ్లి యూటర్న్ కొట్టి వచ్చేవాళ్లు చాలా తక్కువ. 30, 40 వేగంతో బండ్లు కదిలే రోడ్డు దీనికి ఎంతో మేలు. సిగ్నల్ దగ్గరుంటే మంచిదే గానీ మరీ ఆనుకుని ఉండకూడదు, ఎర్ర లైటు పడినప్పుడల్లా ఆగిన బండ్ల వరస మీ గేటుకు అడ్డంగా నిలబడిపోతుంది.

రోడ్డు మధ్యలో డివైడర్ ఉందా? ఉంటే అవతలి వైపు వెళ్లే బండ్లను లెక్కలోంచి తీసేయండి. స్థలం ఇచ్చేవాళ్లు చెప్పే లెక్కలో రెండు వైపుల బండ్లూ ఉంటాయి, బైకులూ లారీలూ అన్నీ కలిసి ఉంటాయి. మీకు కావాల్సింది మీ వైపు వచ్చే కార్ల లెక్క ఒక్కటే, అది మీ అమ్మాయే రాసుకోవాలి. ఒక మామూలు పని దినం, ఒక శనివారం, ఒక ఆదివారం తీసుకుని, పొద్దున గంట, మధ్యాహ్నం గంట, సాయంత్రం గంట ఆ స్థలం ముందు కుర్చీ వేసుకుని కూర్చోమనండి. కార్లు ఎన్ని వచ్చాయి, పక్క షాపుల దగ్గర ఎన్ని ఆగాయి, గేటు ముందు ఎన్ని నెమ్మదించాయి, అన్నీ నోటు పుస్తకంలో గీతలు గీసి లెక్కపెట్టాలి. పొద్దున ఆఫీసుకు పరుగెత్తే వైపు కంటే సాయంత్రం ఇంటికి తిరిగొచ్చే వైపే నాకు నచ్చుతుంది. పొద్దున ఎవరికీ అరగంట ఆగే తీరిక ఉండదు.

ఇప్పుడు ఆ అంకెలు పెట్టి చూద్దాం. ఒక బండికి అరగంట అనుకుంటే, కడిగే చోటు ఒక్కటే ఉన్నప్పుడు పది గంటల్లో 20 బండ్లకు మించి కుదరదు. మీ వైపు రోజుకు 4,000 కార్లు వస్తుంటే 200 మందిలో ఒకరు లోపలికి తిరిగితే ఆ 20 నిండుతాయి. అదే 800 కార్లే వస్తే 40 మందిలో ఒకరు తిరగాలి, అది రోజూ జరిగే పని కాదు. వాన పడే రోజుల్లో ఎలాగూ ఎవరూ రారు, వాన వెలిసి ఎండ కాసిన రోజు మాత్రం అందరూ ఒకేసారి వస్తారు. అప్పుడు బండ్లు ఎక్కడ ఆగాలి? మధ్య ఖాళీతో కలిపి ఒక్కో కారుకు ఆరు మీటర్లు వేసుకుంటే, మూడు బండ్లు ఎదురుచూడ్డానికి గేటు లోపలే 18 మీటర్లు కావాలి. వరస రోడ్డు మీదికి పాకిందంటే ఇరుగు పొరుగు షాపులవాళ్లతో రోజూ గొడవే.

చాలామంది చూడకుండా సంతకం పెట్టేసేది నీళ్ల విషయంలో. స్థలం చూడ్డానికి వెళ్లినప్పుడు ఒక ఖాళీ బాటిల్ పట్టుకెళ్లి అక్కడి బోరు నీళ్లు నింపుకురండి. నల్ల రంగు కారు టాప్ మీద శుభ్రంగా తుడిచిన చోట నాలుగు చుక్కలు వేసి ఎండలో ఆరనివ్వండి. ఆరాక తెల్లటి గుండ్రాలు మిగిలి, గుడ్డతో తుడిచినా పోకపోతే ఆ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువన్నమాట. ఆ నీళ్లతో కడిగిన బండిని కస్టమర్ ఇంటికెళ్లి ఎండలో చూసుకుంటే మళ్లీ మీ దగ్గరికి రాడు. నీటి గట్టితనం తగ్గించే సాఫ్ట్‌నర్ పెట్టిస్తే సరిపోతుందని అమ్మేవాళ్లు చెబుతారు. సాఫ్ట్‌నర్ కాల్షియాన్ని తీసి దాని స్థానంలో సోడియం పెడుతుంది, అంతే, టీడీఎస్, అంటే నీళ్లలో కరిగి ఉన్న లవణాల మొత్తం, దాదాపు అలాగే ఉంటుంది. గార కట్టదు, సబ్బు బాగా నురగొస్తుంది, కానీ మచ్చలు పూర్తిగా పోవు. చివరిసారి పోసే నీళ్లయినా ఆర్‌వో నీళ్లు కావాలి, ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. ఇక ఎన్ని నీళ్లు అంటే, ప్రెషర్ వాషర్ నిమిషానికి సుమారు 10 లీటర్లు పోస్తుంది, బండికి పది నిమిషాలు నడిపినా 20 బండ్లకు 2,000 లీటర్లు. ఎండాకాలంలో కూడా బోరు అన్ని నీళ్లు ఇస్తుందా అని స్థలం యజమానిని కాకుండా ఇరుగు పొరుగును అడగండి.

వచ్చిన నీళ్లు ఎక్కడికి పోతాయో కూడా చూడాలి. బురద, గ్రీజు, నూనె కలిసిన నీళ్లను నేరుగా కాలువలోకి వదలకూడదు. వరసగా మూడు గదులున్న తొట్టి కట్టాలి, ఇసుక మొదటి గదిలో అడుగున పడుతుంది, నూనె పైన తేలి ఆగిపోతుంది, మధ్యలో తేరుకున్న నీళ్లు ముందుకు సాగుతాయి. దానికి నేల వాలు ఉండాలి, బయటి కాలువ మీ తొట్టి కంటే పల్లంలో ఉండాలి. రోడ్డు కంటే దిగువన ఉన్న స్థలమైతే వద్దనే చెబుతాను, వానాకాలంలో రోడ్డు మీది నీళ్లన్నీ మీ షెడ్డులోకే వస్తాయి.

పక్కన ఏముందో కూడా గమనించండి. పెట్రోల్ బంకు, టైర్ల షాపు, పెద్ద సరుకుల దుకాణం ఉంటే అదృష్టమే. ఇసుక, సిమెంటు దించే యార్డు ఉంటే మాత్రం కడిగిన బండి వంద మీటర్లు వెళ్లేసరికి మళ్లీ దుమ్ము కొట్టుకుపోతుంది. అదే రోడ్డులో ఇంకో కార్ వాష్ ఉందని బెంగపడకండి. ఆదివారం అక్కడ వరస ఉందంటే గిరాకీ ఉన్నట్టే. కాకపోతే అది మీ వైపే, మీకంటే ముందు తగిలేలా ఉంటే ఆలోచించాల్సిందే.

లీజు దగ్గర మాత్రం గట్టిగా ఉండండి. కాంక్రీటు, తొట్టి, పైపులు, త్రీ ఫేజ్ కరెంటు, వీటి మీద పెట్టిన డబ్బు ఖాళీ చేసేటప్పుడు వెంట తీసుకెళ్లలేరు. అందుకే ఏడాదికో లీజు వద్దు, కనీసం ఐదేళ్లు అడగండి. నీటికో, మురుగుకో, వ్యాపారానికో అనుమతి రాకపోతే అడ్వాన్సు వెనక్కి ఇవ్వాలని కాగితం మీద రాయించండి. నోటి మాట నమ్మి ఇరుక్కున్న పిల్లల్ని చూశాను, పాపం వాళ్లు తేరుకోవడానికి చాలా కాలం పట్టింది.

మీ స్థలం వృథా పోతుందని బాధపడకండి. ఇళ్ల మధ్య రోజంతా ప్రెషర్ వాషర్ మోత పెడితే చుట్టుపక్కలవాళ్లు ఊరుకోరు, అక్కడ వ్యాపారానికి అనుమతి ఉందో లేదో కూడా కనుక్కోవాలి. కానీ పాలిష్, కోటింగ్, లోపలి సీట్ల క్లీనింగ్ లాంటి డిటెయిలింగ్ పనికి అలాంటి చోటు బాగానే సరిపోతుంది. దానికి కస్టమర్ ముందే ఫోన్ చేసి, సగం రోజు బండి వదిలి వెళ్తాడు కాబట్టి సందులోకైనా వస్తాడు. పైగా మీ అమ్మాయి చదువు పనికొచ్చేది కూడా అక్కడే ఎక్కువ.

మెయిన్ రోడ్డు వాళ్లు తొందరపెడుతున్నా సంతకం ఇప్పుడే వద్దు. ఈలోగా తనను నడుస్తున్న ఒక కార్ వాష్‌లో మూడు నెలలు పని చేయనివ్వండి, జీతం ఎంత తక్కువైనా సరే. ఆ మూడు రోజుల లెక్క రాసేటప్పుడు వీలైతే మీరూ పక్కన కూర్చోండి, ఇంట్లో అద్దె మీద జరిగే వాదన సగం అక్కడే తేలిపోతుంది. లెక్కలూ, బాటిల్ నీళ్ల ఫలితమూ వచ్చాక నాకు పంపండి, రెండు చోట్లనూ పక్కపక్కన పెట్టి చూద్దాం.