క్రీము డబ్బా తిరిగి ఇవ్వకండి

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. విజయవాడ బీసెంట్ రోడ్డులోని ఒక ఫ్యాన్సీ దుకాణంలో కొన్న ముఖం తెల్లబడే క్రీమును ఎనిమిది నెలలు రాసుకున్నాను. కాళ్లు వాచి, మూత్రంలో నురగ వస్తుంటే పరీక్షలు చేయించాం. మూత్రపిండాలు దెబ్బతిన్నాయని, రక్తంలో పాదరసం ఎక్కువగా ఉందని డాక్టరు చెప్పారు. మా ఆఫీసులో అదే క్రీము వాడిన మరో అయిదుగురికీ ఇదే బాధ. ముగ్గురి దగ్గర మాత్రమే డబ్బాలు మిగిలాయి. వాటి మీద తయారీదారు పేరు లేదు. డబ్బా తెచ్చిస్తే డబ్బు వాపసు ఇస్తానని దుకాణదారు అంటున్నాడు. అమెరికాలో వేల మంది కలిసి మాస్ టార్ట్ కేసు వేసి కోట్లు రాబడతారట. మేము ఆరుగురం అలా వేయవచ్చా?

సమాధానం: అమ్మా, మిగతా సంగతులు తర్వాత. ముందు ఆ డబ్బాను దుకాణదారు చేతికి ఇవ్వకండి. మీరు పెట్టిన కొద్ది వందలు తిరిగి వస్తాయి గానీ, మీ సాక్ష్యం అతని గల్లాపెట్టె పక్కకు చేరి అక్కడి నుంచి మాయమవుతుంది. అడుగున గోటి మందం క్రీము మిగిలినా సరే, మూత బిగించి, కవరులో పెట్టి అంటించి, తేదీ వేసి బీరువాలో దాచండి. డబ్బు ఇస్తూ ఏదైనా కాగితం మీద సంతకం అడిగితే మాత్రం జాగ్రత్త. ఇకపై మీకు ఏ హక్కూ ఉండదనే వాక్యం అందులో ఎక్కడో ఒకచోట నక్కి ఉంటుంది.

ఇక అమెరికా సంగతి. మీరు విన్నది సగమే నిజం. మాస్ టార్ట్ అంటే ఒకే వస్తువు వల్ల హాని పొందిన చాలామంది వేసే కేసుల గుంపు, అందరూ కలిసి వేసే ఒకే కేసు కాదు. అక్కడ కూడా ఎవరి కేసు వారిదే. ఎవరు ఎన్నాళ్లు వాడారు, ఎవరికి ఏం జరిగింది అనేది విడివిడిగా తేలాలి. అయితే 1968 నాటి ఒక చట్టం ప్రకారం, వేర్వేరు ఫెడరల్ కోర్టుల్లో పడిన ఒకే తరహా కేసులను విచారణకు ముందు జరగాల్సిన పనుల కోసం ఒకే జడ్జి ముందుకు చేరుస్తారు. కంపెనీ దాచుకున్న కాగితాలు రప్పించడం, నిపుణులను ప్రశ్నించడం అందరి తరఫునా ఒక్కసారే జరుగుతాయి. తర్వాత మచ్చుకు కొన్ని కేసులను విచారిస్తారు. జ్యూరీ ఎటు మొగ్గుతోందో చూసుకుని ఇరుపక్షాలూ బేరానికి కూర్చుంటాయి. మీరు విన్న కోట్లు ఎక్కువగా ఆ బేరంలో తేలినవే.

జాన్సన్ అండ్ జాన్సన్ అనుబంధ సంస్థ డిప్యూ తయారుచేసిన కృత్రిమ తుంటి కీళ్ల విషయంలో ఇదే జరిగింది. 2010లో వాటిని వెనక్కి తీసుకున్నారు. 2013లో, మళ్లీ శస్త్రచికిత్స చేయించుకోవలసి వచ్చిన సుమారు 8 వేల మంది అమెరికన్ల కోసం దాదాపు 250 కోట్ల డాలర్లకు ఒప్పందం కుదిరింది. అవే కీళ్లు మన దేశంలోనూ అమర్చారు. ఇక్కడ ఒక్కొక్కరికి 30 లక్షల నుంచి సుమారు 1.23 కోట్ల రూపాయల వరకు ఇవ్వాలన్న లెక్క కేంద్ర ప్రభుత్వ కమిటీల ద్వారా తేలేసరికి 2018 వచ్చింది. కేసులన్నిటినీ ఒకచోటికి చేర్చే అలాంటి ఏర్పాటు మనకు లేదని ఒప్పుకోవాలి.

కానీ మీ ఆరుగురికి కావలసింది మన చట్టంలో ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులైలో అమలులోకి వచ్చింది. అందులో 82 నుంచి 87 వరకు సెక్షన్లు ఉత్పత్తి బాధ్యత గురించే. తయారీలో లోపం ఉన్నా, హెచ్చరిక సరిగా లేకపోయినా తయారీదారు పరిహారం ఇవ్వాలి. తయారీదారు ఎవరో తెలియదంటున్నారు కదా, మీ కేసులో నాకు అన్నిటికంటే నచ్చిన విషయం అదే. తయారీదారు ఎవరో తెలియకపోతే అమ్మినవాడే బాధ్యుడని 86వ సెక్షన్ చెబుతోంది. పేరు లేని డబ్బా అమ్మి లాభం చూసుకున్న వ్యక్తి, ‘నేను అమ్మాను అంతే, నాకేం తెలుసు’ అని తప్పించుకోలేడు. భర్తో, అక్కో కొని తెచ్చిన క్రీము వాడినవారు కూడా వినియోగదారులే. బిల్లు తమ పేరున లేదని బెంగపడనక్కర లేదు.

పాదరసం విషయంలో చట్టం గట్టిగానే ఉంది. 2020 నాటి కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం కంటి అలంకరణకు వాడేవి మినహా మిగతా సౌందర్య సాధనాల్లో, తెలియకుండా కలిసిన పాదరసం కూడా పది లక్షల భాగాల్లో ఒక భాగం మించకూడదు. మీ డబ్బాలో ఎంత ఉందో ప్రయోగశాల చెప్పాలి. డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం 26వ సెక్షన్ కింద, కొన్నవారు ఎవరైనా రుసుము కట్టి ప్రభుత్వ అనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు. డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు కూడా ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకోండి. ఆ దుకాణంలో మిగిలిన సరుకును తనిఖీ చేసే అధికారం ఆయనకు ఉంది, మనకు లేదు. మీరు ఫిర్యాదు వేయబోయే వినియోగదారుల కమిషన్, అంటే ఇలాంటి తగాదాలు తీర్చే కోర్టులాంటి సంస్థ, కూడా నమూనాను సీలు వేసి ప్రయోగశాలకు పంపగలదు.

డబ్బా పారేసిన ముగ్గురి సంగతేమిటి? జాతీయ విత్తన సంస్థపై మన రైతులు వేసిన కేసులో సుప్రీంకోర్టు 2012లో ఇచ్చిన తీర్పు ఇక్కడ పనికొస్తుంది. ఆ ఫిర్యాదుల్లో గుంటూరు వినియోగదారుల ఫోరంలో (ఇప్పటి కమిషన్‌కు అప్పటి పేరు) వేసినవీ ఉన్నాయి. విత్తనమంతా పొలంలో చల్లేసిన రైతును నమూనా ఏదని అడగడం న్యాయం కాదని కోర్టు తేల్చింది. క్రీమూ రాసుకోవడానికే కదా కొనేది. మిగిలిన మూడు డబ్బాల నివేదిక, అదే దుకాణంలో కొన్నట్లు ఫోను ద్వారా జరిపిన చెల్లింపుల వివరాలు కలిస్తే వారి వాదనకూ బలం వస్తుంది. డబ్బాలున్న వారి కేసులంత తేలిక మాత్రం కాదు.

అసలు పోరు జరిగేది వేరేచోట. క్రీములో పాదరసం ఉందని తేలినంత మాత్రాన మీ మూత్రపిండాల జబ్బు దాని వల్లనే వచ్చిందని తేలినట్లు కాదు. మధుమేహం ఉందా, నొప్పి మాత్రలు వాడారా, నాటు మందులు తిన్నారా అని అవతలి లాయరు గుచ్చి గుచ్చి అడుగుతాడు. నేను అతని స్థానంలో ఉన్నా అవే అడుగుతాను. రెండు క్రీములు కలిపి రాసుకున్నారా అని కూడా అడుగుతారు. వస్తువును దుర్వినియోగం చేస్తే అమ్మినవారికి 87వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది మరి. జవాబు మీ డాక్టరు కాగితాల్లో ఉండాలి. 2023లో కేరళలోని మలప్పురం వైద్యులు ఇలాంటి క్రీములు వాడినవారిలో మెంబ్రేనస్ నెఫ్రోపతి అనే మూత్రపిండాల జబ్బును గుర్తించారు. మీకు బయాప్సీ జరిగి ఉంటే ఆ నివేదిక తీసుకోండి. ఏ క్రీము, ఎన్ని నెలలు వాడారు, మానేశాక మూత్రంలో ప్రొటీన్ తగ్గిందా అన్నవి కేసు షీటులో నమోదు చేయమని డాక్టరును అడగండి. నోటిమాటగా చెప్పి ఊరుకుంటే కమిషన్ ముందు దానికి విలువ లేదు.

ఆరుగురూ కలిసి ఒకటే ఫిర్యాదు వేయాలా? వినియోగదారుల రక్షణ చట్టం 35వ సెక్షన్ ప్రకారం, ఒకే ప్రయోజనం ఉన్నవారందరి తరఫున కొందరు కమిషన్ అనుమతితో వేయవచ్చు. అయితే 2021లో ఒక బెంగళూరు నిర్మాణ సంస్థ కేసులో, 1,134 ఫ్లాట్ల యజమానులందరి తరఫునా పోరాడతామన్న 91 మందిని సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. అందరి ప్రయోజనమూ ఒకటేనని చూపలేదు కనుక దాన్ని వారి వరకే ఉమ్మడి ఫిర్యాదుగా నడుపుకోమంది. మీలో ఒకరికి వాపు తగ్గి ఉండవచ్చు, మరొకరు నెలలుగా మందులు మింగుతూ ఉండవచ్చు. ఆరు నష్టాలు ఆరు రకాలు. కాబట్టి ఆరు ఫిర్యాదులు వేసి, అన్నిటినీ కలిపి వినమని కోరడం మేలు. ప్రయోగశాల నివేదిక అందరికీ పనికొస్తుంది.

మీరు గుంటూరులో ఉంటున్నారు కనుక గుంటూరు జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. వాయిదా వాయిదాకూ కృష్ణా దాటనవసరం లేదు. ఏ స్థాయి కమిషన్‌కు వెళ్లాలో నిర్ణయించేది మీరు అడిగే పరిహారం కాదు, క్రీముకు చెల్లించిన ధర. అది 5 లక్షల లోపే కనుక రుసుము కూడా లేదు. నాలుగు వందల క్రీముకు ఇరవై లక్షలు అడిగినా అంతే. క్రీము ధర తిరిగి రావడం వేరు, ఉత్పత్తి బాధ్యత కింద పరిహారం వేరు. రెండోది వైద్య ఖర్చుకు, శారీరక హానికి, దాని వెంట వచ్చిన మనోవేదనకు. రెండూ విడిగా అడగండి.

ఎవరైనా లాయరు వచ్చినదానిలో ముప్పై శాతం నాకు అంటే లేచి వచ్చేయండి. అమెరికాలో అది మామూలే. ఇక్కడ ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడాన్ని, వచ్చిన సొమ్ములో వాటా తీసుకోవడాన్ని లాయర్లను నియంత్రించే బార్ కౌన్సిల్ నిబంధనలు నిషేధించాయి.

గడువు రెండేళ్లు. ఆలస్యానికి తగిన కారణం చూపితే మన్నిస్తారు గానీ, ఆ మన్నింపు మీద ఆధారపడకండి. గడువును పరీక్ష ఫలితం వచ్చిన రోజు నుంచి లెక్కించాలని వాదించవచ్చు. నేను మాత్రం మొదటిసారి డాక్టరు దగ్గరకు వెళ్లిన రోజు నుంచే లెక్క వేస్తాను. ఆరుగురిలో అందరికంటే ముందు ఆసుపత్రి మెట్లెక్కింది ఎవరో చూసి, ఆమె ఫిర్యాదు మొదట వేయండి.