పర్సు పోయింది, ఆధార్ పోయింది... ఇప్పుడేం చేయాలక్కా?

ప్రశ్న: అక్కా నమస్తే. మొన్న ఆదివారం జగిత్యాల నుంచి వస్తుంటే బస్సుల పర్సు కొట్టేసిన్రు. దాంట్ల ఆధార్, పాన్, ఏటీఎం కార్డు, పన్నెండు వందల పైసలు అన్నీ పోయినయ్. ఆధార్ నంబర్ నోటికి రాదు, ఫొటో గూడ తీసి పెట్టుకోలే. మా గల్లీల నెట్ సెంటరాయన ఆరు వందలిస్తే కొత్త కార్డు తెప్పిస్తా అంటుండు, ఇయ్యాల్నా? ఇంకో సంగతి, ఆధార్‌కు అప్పట్ల మా తమ్ముని నంబర్ ఇచ్చిన, వాడిప్పుడు దుబాయ్‌ల ఉన్నడు, ఆ సిమ్ము బందైంది.
మీ చెల్లె, కూకట్‌పల్లి

జవాబు: చెల్లీ, ఆరు వందలు ఇవ్వకు, ముందు ఏటీఎం కార్డు బ్లాక్ చేయించావా లేదా అది చూడు, చేయించకపోతే ఈ పేజీ పక్కన పెట్టి బ్యాంకుకి ఫోన్ చేసి రా, మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

వచ్చావా. నువ్వు చివర్లో ‘ఇంకో సంగతి’ అని రాసావు చూడు, అసలు సమస్య అదే. కార్డు పోతే పెద్ద నష్టం లేదు, అది ఒక అట్టముక్క, నీ ఆధార్ నంబరూ వేలిముద్రలూ అన్నీ ఆధార్ ఇచ్చే సంస్థ యూఐడీఏఐ దగ్గర భద్రంగానే ఉన్నాయి. కానీ ఆన్‌లైన్‌లో ఏది చేద్దామన్నా ఓటీపీ ఆ లింకైన నంబర్‌కే పోతుంది, నీ ఓటీపీ ఏమో బందైన సిమ్ముకి పోతోంది. పైగా బందైన నంబర్‌ని కంపెనీలు 90 రోజులు ఆగి ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. అంటే నీ ఆధార్ ఓటీపీలు ఏ ఊళ్లో ఎవరి ఫోన్లో టింగుమంటున్నాయో! కాబట్టి కార్డు కంటే ముందు నంబర్ మార్పించుకో.

దీనికి ఆధార్ సెంటర్‌కి వెళ్లాలి. మొబైల్ నంబర్ మార్చడానికి కాగితాలేం అడగరు, వేలిముద్ర వేస్తే చాలు, ఫీజు 50 ఉండేది 2025 అక్టోబర్ నుంచి 75 చేశారు. అంత దూరం వెళ్లలేకపోతే మీ పోస్ట్‌మ్యాన్‌ని అడుగు, ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు తరఫున 2021 నుంచి వాళ్లు కూడా ఇంటికొచ్చి ఈ పని చేస్తున్నారు, చాలామందికి తెలీదు. ఆధార్ నంబర్ గుర్తులేదన్నావు కదా, ముందు ఇల్లంతా ఒకసారి వెతుకు, బ్యాంకు ఖాతా తెరిచినప్పుడు ఇచ్చిన జిరాక్స్, గ్యాస్ పుస్తకంలో పెట్టిన కాగితం, పిల్లల స్కూలు ఫైలు, ఎక్కడో ఒక కాపీ ఉండే ఉంటుంది, మన ఇళ్లల్లో ఆధార్ జిరాక్సులకి కొదవా? అసలే దొరక్కపోతే సెంటర్‌లోనే పేరు, పిన్‌కోడ్ లాంటి వివరాలు చెప్పి వేలిముద్ర వేస్తే వాళ్లు వెతికి ఇస్తారు. 1947కి ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు.

కొత్త నంబర్ ఎక్కడానికి కొన్ని రోజులు పడుతుంది. ఎక్కాక మై ఆధార్ డాట్ యూఐడీఏఐ డాట్ గవ్ డాట్ ఇన్ లోకి వెళ్లు. చివర్లో గవ్ డాట్ ఇన్ ఉందో లేదో చూసుకో, గూగుల్‌లో వెతికితే పైనే యాడ్స్ రూపంలో ఏవేవో సైట్లు వస్తాయి. లాగినై ఓటీపీ కొట్టి ఈ-ఆధార్ డౌన్‌లోడ్ చేసుకుంటే పీడీఎఫ్ వస్తుంది, అది ఉచితం, కార్డుతో సమానంగా చెల్లుతుంది. ఇక్కడే అందరూ ఇరుక్కుపోతారు, ఆ పీడీఎఫ్ తెరవాలంటే పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇంగ్లీషులో నీ పేరులో మొదటి నాలుగు అక్షరాలు పెద్దబడిలో (క్యాపిటల్ లెటర్స్), పక్కనే పుట్టిన సంవత్సరం. ఇంతే కదా అనుకుంటాం. మా నాన్నది తెరవడానికి నేను, మా చిన్నోడు కలిసి అరగంట కుస్తీ పట్టాం, ఆయన పేరు ముందు ఇంటిపేరు పొడి అక్షరం, దాని పక్కన ఒక చుక్క ఉన్నాయి, మేమేమో వాటిని వదిలేసి అసలు పేరు కొడుతున్నాం. ఆ చుక్క కూడా ఒక అక్షరం కిందే లెక్కట! ‘పి.కుమార్’ అని ఉంటే పి, చుక్క, కె, యు, ఇవీ నాలుగు. ‘సాయి కుమార్’ లాగా మధ్యలో ఖాళీ ఉంటే మాత్రం ఖాళీ లెక్కలోకి రాదు.

ఇక ప్లాస్టిక్ కార్డే కావాలంటే అదే సైట్‌లో పీవీసీ కార్డు ఆర్డర్ అని ఉంటుంది. 2020లో మొదలైనప్పుడు 50 రూపాయలు, పెంచినా వందలోపే, స్పీడ్ పోస్ట్ ఖర్చు కూడా అందులోనే. నీకో రహస్యం చెప్పనా, ఆధార్ నంబర్ తెలిస్తే చాలు, ‘నా మొబైల్ రిజిస్టర్ కాలేదు’ అన్న చోట టిక్ పెట్టి వేరే నంబర్‌కి ఓటీపీ తెప్పించుకుని కూడా ఈ కార్డు ఆర్డర్ చేయొచ్చు. మీ నెట్ సెంటరాయన చేసేది బహుశా ఇదే, అయిదు నిమిషాల పని. శ్రమకి యాభయ్యో వందో అడిగితే న్యాయమే అనుకో, ఆరు వందలు ఏంటి? ఒక్కటి గుర్తుపెట్టుకో, కార్డు వచ్చేది ఆధార్‌లో ఉన్న అడ్రస్‌కే. ఒకవేళ అందులో జగిత్యాల అడ్రస్ ఉంటే, నువ్వు కూకట్‌పల్లిలో గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటే అది అక్కడ మీ వాళ్ల చేతికి వెళ్తుంది, ముందే ఒక మాట చెప్పి ఉంచు. బజార్లో అప్పటికప్పుడు ప్రింట్ తీసిచ్చే ప్లాస్టిక్ కార్డులు మాత్రం వద్దు, అవి చెల్లవని యూఐడీఏఐ 2022లోనే చెప్పింది.

పోయిన కార్డు ఎవరి చేతిలో ఉందో తెలీదు కాబట్టి అదే సైట్‌లో బయోమెట్రిక్ లాక్ కూడా పెట్టుకో, వేలిముద్రతో డబ్బులు లాగే మోసాలు ఉన్నాయి కదా. కానీ లాక్ పెట్టి మర్చిపోతే రేషన్ షాపులో నీ వేలు నీకే పనిచేయదు, అక్కడ డీలర్‌తో గొడవ పడకుండా ముందు అన్‌లాక్ చేసుకుని వెళ్లు.

పాన్ సంగతి తేలిక. కొత్త పాన్‌కి మాత్రం అప్లై చేయొద్దు, ఒక మనిషికి రెండు పాన్‌లుంటే 10,000 రూపాయల జరిమానా పడొచ్చు. ఉన్న పాన్‌కే రీప్రింట్ అడగాలి, ప్రొటియన్ లేదా యూటీఐ సైట్‌లో, ఏది నీకు కార్డు ఇచ్చిందో అందులో. 50 రూపాయలు. ప్రొటియన్ అంటే పాత ఎన్‌ఎస్‌డీఎల్లే, పేరు మారింది. ఎవరిచ్చారో గుర్తులేకపోతే ఒకదాంట్లో ప్రయత్నించి కుదరకపోతే రెండోది చూడు.

ప్రశ్న: మేడమ్, మా అమ్మగారి ఓటర్ కార్డు వరద నీళ్లలో నానిపోయి పేరు కూడా కనబడట్లేదు. ఓటు పోయినట్టేనా? ఆవిడ రోజూ అదే అడుగుతున్నారు.
ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఓటు ఎక్కడికీ పోలేదని అమ్మగారికి చెప్పండి. జాబితాలో పేరుంటే ఆధార్, ఫొటో ఉన్న బ్యాంకు పాస్‌బుక్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఇలా ఏదో ఒకటి చూపించి కూడా ఓటు వేయొచ్చు. కాబట్టి జాబితాలో పేరుందో లేదో ముందు చూడండి, కార్డు చేతిలో ఉండి జాబితాలో పేరు లేకపోవడమే అసలు ప్రమాదం. కొత్త కార్డుకి ఎన్నికల సంఘం ఓటర్స్ పోర్టల్‌లో ఫారం 8 నింపాలి. అడ్రస్ మార్పుకీ తప్పుల దిద్దుబాటుకీ కూడా ఇదే ఫారం కాబట్టి కార్డు రీప్లేస్‌మెంట్ అన్న ముక్క ఎంచుకోవడం మర్చిపోకండి. కారణాల్లో వరద, అగ్నిప్రమాదం లాంటివి విడిగా రాసి ఉంటాయి, మీది అది. పోయింది అని పెడితే పోలీసు రిపోర్టు కాపీ జత చేయమంటారు, అనవసరంగా స్టేషన్ చుట్టూ తిరగాలి. అనుమానం ఉంటే 1950కి ఫోన్ చేయండి.

ప్రశ్న: లైసెన్స్ పోయింది, డూప్లికేట్ వచ్చేదాకా బండి తీయొచ్చా? ఫోన్లో ఫొటో ఉంది.
గుంటూరు నుంచి

జవాబు: గ్యాలరీలో ఫొటో చూపిస్తే కానిస్టేబుల్ గారు నవ్వుతారు బాబూ. డిజిలాకర్, ఎంపరివాహన్ అని ప్రభుత్వ యాప్‌లున్నాయి, వాటిలో ఏదో ఒకదాంట్లో లైసెన్స్ తెచ్చుకుని ఆ యాప్ తెరిచి చూపించు, అది ఒరిజినల్‌తో సమానమని కేంద్ర రవాణా శాఖ 2018లోనే చెప్పింది. డూప్లికేట్‌కి పరివాహన్ సారథి సైట్‌లో అప్లై చెయ్యి. నీది పాత పుస్తకం లైసెన్స్ అయ్యుండి ఆన్‌లైన్‌లో ఎక్కి లేకపోతే మాత్రం ఆర్టీవో ఆఫీసు మెట్లెక్కక తప్పదు.

ప్రశ్న: అక్కా, మా ఊరి బస్టాండ్‌లో ఎవరిదో ఆధార్ దొరికింది. ఊరి వాట్సాప్ గ్రూపులో ఫొటో పెడదామనుకుంటున్నా.
డిగ్రీ విద్యార్థి, కావలి

జవాబు: మంచి ఆలోచనే గానీ ఫొటో అలాగే పెట్టేస్తే పాపం ఆయన కార్డు ఒకసారి కాదు, రెండు వందల ఫోన్లలో పోయినట్టు. ఆ పన్నెండు అంకెల మీదా క్యూఆర్ మీదా కాగితం ముక్క పెట్టి, పేరూ ఊరూ మాత్రం కనబడేలా తీసి పెట్టు. రెండ్రోజుల్లో ఎవరూ రాకపోతే స్టేషన్‌లో ఇచ్చేసెయ్, గ్రూపులో పెట్టింది కూడా తీసెయ్.