తరుగు రాసే చేతితో ప్రభువు బల్లను ముట్టవచ్చునా?

గుణుపురం నుంచి రాసిన సోదరునికి,

మీ ఉత్తరం సారాంశాన్ని ముందుగా పాఠకులకు తెలియజేస్తాను. మీరు ఆరేళ్ల కిందట బాప్తిస్మం పొందారు, ధాన్యం మిల్లులో గుమాస్తాగా పనిచేస్తున్నారు. కొండ గ్రామాల నుంచి సవర రైతులు తెచ్చే ధాన్యానికి న్యాయమైన దానికంటే ఎక్కువ తరుగు, అంటే తేమ వంటి కారణాలతో తూకంలో తగ్గించే కోత, రాయమని యజమాని చెబుతారు, మీరు రాస్తారు. ఆదివారం ఆరాధనలో కన్నీళ్లతో తీర్మానం చేసుకుంటారు, సోమవారం మళ్లీ అదే పద్దు రాస్తారు. ప్రార్థనలో మునుపటి ఆనందం లేదని, ఇంట్లో భార్యపై విసుక్కుంటున్నారని, ప్రభువు బల్లకు, అంటే రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే సంస్కారానికి, దూరంగా ఉండాలా అని, అసలు ఈ విశ్వాస జీవితం మీ వల్ల కాదేమోనని రాశారు.

మీ బాధలో రెండు సంగతులు కలగలిసిపోయాయి. ప్రార్థనలో ఆనందం తగ్గడం పాపం కాదు. దేవుడు తనను మరచిపోయాడేమోనని దావీదు 13వ కీర్తనలో మొరపెట్టుకున్నాడే గాని మొర మానలేదు. తప్పుడు తరుగు రాయడం మాత్రం పాపమే. ‘దొంగత్రాసు యెహోవాకు హేయము’ అని సామెతలు 11వ అధ్యాయం మొదటి వచనం చెబుతుంది. మీ కన్నీళ్లు నిజమైనవేనని నమ్ముతున్నాను, కాని వాటివల్ల ఏ రైతుకూ కిలో ధాన్యమైనా తిరిగి రాలేదు. చేసిన అన్యాయాన్ని సరిదిద్దవలసిన చోట ఉపవాస ప్రార్థనతో సరిపెట్టుకోవడం మన సంఘాలలో చాలాకాలంగా చూస్తున్నాను. అది నన్ను ఎంతో బాధిస్తుంది.

పేతురు తన రెండవ పత్రికలో విశ్వాసానికి అమర్చుకోవలసిన గుణాలను చెబుతూ సహనానికి ముందు ఆశానిగ్రహాన్ని ఉంచాడు. ఈ వరుస మీకు సరిగ్గా వర్తిస్తుందని నా అభిప్రాయం. యజమాని దగ్గర మంచివాడిననిపించుకోవాలన్న ఆశను అదుపు చేయనంత కాలం, ఎన్ని తీర్మానాలు చేసుకున్నా సోమవారం అవి నిలవవు.

పడిపోయినవాడు మళ్లీ పనికిరాడని మాత్రం అనుకోకండి. మార్కు అనే యోహాను సువార్త ప్రయాణంలో పంఫూలియలోని పెర్గే దగ్గర అపొస్తలుడైన పౌలును విడిచి యెరూషలేముకు తిరిగి వెళ్లిపోయాడు. అతనిని మళ్లీ వెంటబెట్టుకుపోయే విషయంలో పౌలు, బర్నబా తీవ్రంగా వాదించుకొని విడిపోయారు కూడా. అదే పౌలు చెరలో ఉండి తిమోతికి రాసిన రెండవ పత్రికలో, మార్కును తీసుకురమ్మని, అతడు పరిచర్యకు ప్రయోజనకరమైనవాడని కోరాడు. ఈ మధ్యకాలమంతా మార్కు ఏం చేశాడో లేఖనం వివరంగా చెప్పదు. ఎవరూ మెచ్చుకోని అలాంటి కాలంలోనే గుణం స్థిరపడుతుంది.

ఇక చేయవలసిన పని. ఈ రాత్రే మీ భార్యకు సంగతంతా చెప్పండి. కారణం తెలియకుండానే ఆమె మీ కోపాన్ని భరిస్తోంది, జీతం పోయే ప్రమాదాన్ని పంచుకోవలసినదీ ఆమే. తర్వాత యజమానితో ఒంటరిగా, మర్యాదగా, కాటా చూపినదీ తేమ మీటరు చూపినదీ మాత్రమే రాస్తానని చెప్పండి. ప్రభుత్వ ధాన్య సేకరణలో 17 శాతం వరకు తేమను అనుమతిస్తారని మీకు తెలిసే ఉంటుంది. మీ మాటకు అదొక ఆధారం కావచ్చు. ఆవేశంలో రాజీనామా చేయవద్దు, ఎందుకంటే మీ కుర్చీలో మరొకరు కూర్చుని అదే తరుగు రాస్తారు. అయితే రాయకపోతే వెళ్లిపొమ్మని ఆయన అంటే వెళ్లిపోవలసిందే. అందుకు ఇప్పటి నుంచే పార్వతీపురం, రాయగడ వైపు వేరే పని వెదకండి, పాస్టరు గారికి ముందే చెప్పి ఉంచండి. అలాంటి నెలల్లో మీ ఇంటికి అండగా నిలవడం సంఘం బాధ్యత.

యేసును కలుసుకున్న సుంకరి జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. మీకు అంత శక్తి లేకపోవచ్చు, అందరి పేర్లూ గుర్తుండకపోవచ్చు. గుర్తున్నవారితోనే మొదలుపెట్టి, నెలజీతంలో కొంత తీసి, వారి ఊరికే వెళ్లి, జరిగినది చెప్పి ఇవ్వండి.

ప్రభువు బల్ల విషయంలో పౌలు తనను తాను పరీక్షించుకొని తినమన్నాడు గాని, పరీక్షించుకొని దూరంగా ఉండిపొమ్మనలేదు. అయితే సహోదరునికి మన మీద ఏదైనా అభ్యంతరం ఉంటే ముందుగా వెళ్లి సమాధానపడి, తర్వాత వచ్చి అర్పణ అర్పించమని ప్రభువు మత్తయి సువార్త 5వ అధ్యాయంలో చెప్పాడు. కాబట్టి వచ్చే సంస్కారపు ఆదివారానికి ముందే ఒక్క రైతు ఇంటికైనా వెళ్లి రండి, ఆ తర్వాత బల్లను సమీపించండి.